రుమాటిక్ వాల్వు జబ్బు ఉన్నవారికి గర్భం: ఏ నెలలో ఏం చేయాలి

మన దగ్గర గర్భిణుల్లో కనబడే గుండెజబ్బుల్లో పెద్ద వాటా పుట్టుకతో వచ్చింది కాదు. అయిదు నుంచి పదిహేనేళ్ల వయసులో ఒక గొంతునొప్పి, దాని వెనకాలే జ్వరం, ఒక కీలు తగ్గితే ఇంకో కీలు వాచడం. ఇదే రుమాటిక్ జ్వరం. కీళ్లనొప్పులు తగ్గిపోతాయి, ఇంట్లో అందరూ మర్చిపోతారు. ఆ జ్వరంలో గుండె వాల్వుకు (కవాటానికి) పడ్డ మచ్చ మాత్రం ఏటేటా గట్టిపడుతూ పోతుంది. తొలి కాన్పులో ఆరో నెలకు ఆయాసం వచ్చి ఎకో (గుండె స్కాన్) తీసేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ వాల్వు. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం గుండె ఎడమ పై గదిలోంచి కింది గదిలోకి దిగే ద్వారం అది. మామూలుగా దాని వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. ఆ ద్వారం ఇరుకవడాన్నే మైట్రల్ స్టెనోసిస్ అంటారు. 1.5కు తగ్గిందంటే జబ్బు ముదిరినట్టే. గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె నిమిషానికి పది ఇరవై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. రక్తం కింది గదిలోకి దిగేది రెండు కొట్టుకోవడాల మధ్య ఉన్న ఖాళీలోనే. వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది. ద్వారం ఇరుకు, టైము తక్కువ, రక్తం ఎక్కువ. దిగలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. ఆయాసం, దగ్గు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అన్నీ అందులోంచి వచ్చేవే.

ఈ జబ్బులో ప్రమాదం చెప్పకుండా వచ్చేది కాదు. మూడు సమయాల్లో వస్తుంది: 28 నుంచి 32 వారాల మధ్య, నొప్పులూ కాన్పు జరిగే గంటల్లో, కాన్పయ్యాక మొదటి 72 గంటల్లో. ఆ మూడు సమయాల్లో మీరు ఎక్కడ ఉంటారో, ఎవరు చూస్తారో ముందే తేల్చుకుంటే చాలామంది తల్లీబిడ్డా క్షేమంగా బయటపడతారు. కింద రాసినదంతా ఆ ఏర్పాటు గురించే. మందుల మోతాదులు తెలుసుకోవడానికి రాశాం, ఇంట్లో మార్చుకోవడానికి కాదు.

గర్భానికి ముందు

ముందుగా టూ డీ ఎకో చేయించుకోండి. రిపోర్టులో నాలుగు అంకెలు వెతకండి: మైట్రల్ వాల్వు వైశాల్యం, మీన్ గ్రేడియంట్ (వాల్వుకు రెండు వైపులా ఒత్తిడిలో సగటు తేడా), ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండె కింది గదిలోని రక్తంలో ఎంత శాతం బయటకు నెడుతుందో). ఈ నాలుగూ ఒక కాగితం మీద తారీఖుతో రాసి పెట్టుకోండి. గర్భం వచ్చాక పోల్చి చూసుకోవడానికి ఇదే ఆధారం. గర్భంలో గ్రేడియంట్ ఎలాగూ పెరుగుతుంది, ఎందుకంటే ద్వారంలోంచి పారే రక్తమే పెరిగింది. అంతమాత్రాన వాల్వు ఇంకా మూసుకుపోయినట్టు కాదు. పోల్చాల్సింది వైశాల్యాన్ని.

వైశాల్యం 1.5 కంటే తక్కువుంటే గర్భానికి ముందే బెలూన్ చికిత్స గురించి అడగండి. 1.0 కంటే తక్కువుంటే, ఆయాసం లేకపోయినా సరే, వాల్వు సంగతి తేల్చుకోకుండా గర్భం తెచ్చుకోవద్దు. బెలూన్ అంటే తొడ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపి, వాల్వు దగ్గర బుడగ ఉబ్బించి, అతుక్కున్న రేకుల్ని విడదీయడం. ఛాతీ కోయరు, కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. వాల్వుకు సున్నం బాగా పట్టినా, రక్తం బాగా వెనక్కి లీకవుతున్నా, పై గదిలో రక్తపు గడ్డ ఉన్నా ఇది కుదరదు. అప్పుడు ఆపరేషనే.

ఆపరేషన్లో ఏ వాల్వు పెట్టాలన్నది పిల్లల్ని కనాలనుకునే స్త్రీ జీవితంలో చాలా పెద్ద నిర్ణయం. లోహపు వాల్వు దశాబ్దాలు మన్నుతుంది గానీ, రక్తం పలుచబరిచే మాత్ర ప్రాణం ఉన్నంతకాలం వేసుకోవాలి. గర్భంలో ఆ మాత్రతోనే పెద్ద చిక్కు. టిష్యూ వాల్వుకు (జంతు కణజాలంతో చేసినది) ఆ మాత్ర మామూలుగా కొన్ని నెలలే, కానీ చిన్న వయసులో పెడితే పది పదిహేనేళ్లకే పాడై రెండో ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో 'మాకు పిల్లలు కావాలి' అని నోరు విప్పి చెప్పండి. పెళ్లి కాని అమ్మాయైతే ఆ మాట ఆమె తల్లిదండ్రులు చెప్పాలి. బెలూన్, వాల్వు మార్పిడి రెండూ తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్నాయి. కార్డు తీసుకుని నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

వేసుకుంటున్న మాత్రలన్నీ డాక్టరు ముందు పెట్టండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ గర్భంలో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. అటెనొలాల్‌తో బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది, దాని బదులు మెటోప్రొలాల్ ఇస్తారు. స్పైరనోలాక్టోన్, అమియోడరోన్ కూడా మార్చాల్సినవే. డిగాక్సిన్, లాసిక్స్ (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపే మందు) అవసరాన్ని బట్టి కొనసాగించవచ్చు. గర్భం తెలిసిన రోజున భయపడి అన్నీ ఒక్కసారిగా మానేయడం ఇంకా పెద్ద ప్రమాదం. మెటోప్రొలాల్ మానేసిన రెండు మూడు రోజుల్లోనే గుండె వేగం పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

మూడు వారాలకో నాలుగు వారాలకో వేసే పెన్సిలిన్ సూది (బెంజాథిన్ పెన్సిలిన్, 12 లక్షల యూనిట్లు) గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ ఆపకూడదు. బిడ్డకు దానివల్ల హాని లేదు. ఇది ఎక్కువగా ఎప్పుడు ఆగిపోతుందో అందరికీ తెలుసు: పెళ్లయిన మొదటి సంవత్సరంలో. అత్తింట్లో తెలిస్తే ఏమనుకుంటారోనని సూది, మాత్రలు రెండూ ఆగిపోతాయి. సూది ఆగితే రుమాటిక్ జ్వరం మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ వాల్వు మరికొంత పాడవుతుంది. దాచిన జబ్బు కాన్పు గదిలో బయటపడితే అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. కనీసం భర్తకైనా అన్నీ తెలిసి ఉండాలి, కాగితాలన్నీ ఆయన చేతికి అందేచోట ఉండాలి.

కొందరికి గర్భం వద్దనే చెప్పాల్సి వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగి శాశ్వతమైనవారు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 కంటే తక్కువున్నవారు, వెనకటి కాన్పులో గుండె కండరం దెబ్బతిని ఇంకా కోలుకోనివారు ఈ కోవలోకి వస్తారు. ఈ మాట వినడం ఎవరికైనా కష్టమే. అయినా ఇది ఒక డాక్టరు అభిప్రాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆధారంగా తయారైన పట్టికలో నాలుగో తరగతి, అంటే గర్భం నిషిద్ధం. అనుకోకుండా గర్భం వస్తే 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయంతో చట్టబద్ధంగా తీయించుకోవచ్చు. 2021లో సవరించిన చట్టం ఆ వీలు ఇస్తోంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే తీయాల్సి వస్తే వారాల పరిమితి అడ్డురాదు. కానీ ఎంత ముందైతే అంత మేలు, అదీ గుండె డాక్టరున్న ఆస్పత్రిలోనే.

గర్భం తెలియగానే

మొదటి పని ఆస్పత్రి ఎంపిక. కాన్పుల విభాగం, గుండె విభాగం, మత్తు డాక్టరు, నెలలు నిండని పిల్లల ఐసీయూ అన్నీ ఒకే ఆవరణలో ఉన్నది చూసుకోండి. ఇది చెప్పినంత తేలిక కాదు. గుండె ఆస్పత్రుల్లో కాన్పులు చేయరు, ప్రసూతి ఆస్పత్రుల్లో గుండె డాక్టరు ఉండరు. హైదరాబాద్‌లోనే చూడండి: ఉస్మానియా జనరల్ ఆస్పత్రి ఒకచోట, దాని ప్రసూతి ఆస్పత్రి పేట్లబురుజులో. సికింద్రాబాద్ గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో రెండు విభాగాలూ ఉన్నాయి. ప్రైవేటులో అయితే 'అర్ధరాత్రి ఎకో తీసే మనిషి ఉంటారా' అని అడగండి. ఆ ఒక్క జవాబుతో చాలా తెలిసిపోతుంది.

ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కూడా చెప్పి, మీ కార్డు మీద 'హైరిస్క్, గుండెజబ్బు' అని రాయించుకోండి. ప్రతి నెల 9న పీహెచ్‌సీలో జరిగే గర్భిణుల పరీక్షకు వెళ్లండి. బీపీ, హిమోగ్లోబిన్ అక్కడ చూపించుకోవచ్చు. అది పెద్దాసుపత్రికి బదులు మాత్రం కాదు.

ఎకో మూడు నెలలకోసారి, వాల్వు బాగా ఇరుకైతే నెలా రెండు నెలలకోసారి. చెకప్ 28 వారాల దాకా నెలకోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి, చివరి నెలలో వారం వారం.

హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గనివ్వకండి. హిమోగ్లోబిన్ తగ్గితే గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, ఇరుకు వాల్వుకు అదే శత్రువు. ఐరన్ మాత్ర పడకపోతే ఐరన్ సూది అడగండి. బాగా తగ్గాక హడావుడిగా రక్తం ఎక్కించడం ఈ జబ్బులో ప్రమాదకరం. తప్పనిసరైతే ఒక్కో యూనిట్‌కు మూడు నాలుగు గంటలు పట్టేలా నెమ్మదిగా, లాసిక్స్ అండతో ఎక్కించాలి.

ఇంట్లో రోజూ చూసుకోవాల్సినవి

ఒక నోటు పుస్తకం, బరువు తూచే మిషను, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు పెరిగితే అది బిడ్డ బరువు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆ రోజే ఫోన్ చేయండి.

తర్వాత అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని మణికట్టు దగ్గర నాడి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు. నాడి గతి తప్పితే ఆ లెక్క తప్పుతుంది, మనకు కావాల్సింది ఆ గతి తప్పడం కనిపెట్టడమే. వాల్వు ఇరుకున్నవారికి కూర్చున్నప్పుడు నాడి 90 లోపు ఉండేలా డాక్టర్లు మందు సర్దుతారు. 100 దాటి తగ్గకపోతే అదే రోజు చూపించుకోండి. కొట్టుకోవడం ఒక వరస లేకుండా అడ్డదిడ్డంగా ఉంటే ఎట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అందులో పై గదిలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకు వెళ్లే ప్రమాదం ఉంది, కాబట్టి తెల్లారేదాకా ఆగకండి.

మూడోది ఊపిరి. మీరు నిద్రపోతున్నప్పుడు ఇంట్లోవాళ్లు పొట్ట ఎగసిపడటం చూసి ఒక నిమిషం లెక్కపెట్టాలి. గర్భంలో ఊపిరి లోతు పెరుగుతుంది గానీ వేగం పెద్దగా పెరగదు. నిమిషానికి 24 దాటితే 'గర్భంతో ఉంది కదా, మామూలే' అనుకోవద్దు.

ఉప్పు గురించి ఖచ్చితంగా ఉండాలి. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ వేసుకుంటే లాభం లేదు. నిలవ పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేప, ప్యాకెట్ చిప్స్ పూర్తిగా పక్కన పెట్టండి. నీళ్లు ఎంత తాగాలో మీ డాక్టరు చెప్పిన లెక్క. అందరికీ ఒకే లెక్క ఉండదు. పడుకునేటప్పుడు ఎడమ పక్కకు, తల కింద ఎత్తుగా. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద రక్తనాళాల్ని నొక్కుతుంది. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోండి. వాల్వు మీద చేరే క్రిములు ఎక్కువగా నోటిలోంచే వస్తాయి. మూడు రోజులు దాటిన జ్వరానికి ఊళ్లో యాంటీబయాటిక్ వాడేయకుండా, ముందు రక్తం కల్చర్‌కు (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షకు) ఇచ్చి తర్వాత మందు మొదలుపెట్టాలి.

ఆయాసం వచ్చినప్పుడు జరిగే తప్పులు

గర్భిణులందరికీ కొంత ఆయాసం ఉంటుంది. అది తొలి నెలల్లోనే మొదలై ఒకే తీరుగా ఉంటుంది, పని ఆపితే తగ్గుతుంది. గుండె ఆయాసం అలా కాదు, వారం వారం పెరుగుతుంది. మొన్న మెట్లెక్కితే వచ్చింది ఇవాళ స్నానం చేస్తే వస్తుంది. రెండో తలగడ కావాలనిపిస్తుంది, తర్వాత మూడోది. అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరై లేచి కిటికీ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. దగ్గితే గులాబీ రంగు నురగ పడుతుంది. నిద్రలోంచి లేపే ఆయాసం ఒక్కసారి వచ్చినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక్కడ మూడు తప్పులు పదే పదే జరుగుతాయి. మొదటిది, పిల్లికూతలు వినబడగానే ఉబ్బసం అనుకుని సాల్బుటమాల్ నెబ్యులైజర్ పెట్టడం. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా పిల్లికూతలు వస్తాయి. సాల్బుటమాల్ గుండె వేగాన్ని ఇంకా పెంచుతుంది, దాంతో నీరు ఇంకా చేరుతుంది. రెండోది, నీరసంగా ఉందని ఊళ్లో సెలైన్ బాటిల్ ఎక్కించుకోవడం. మామూలు మనిషికి ఏమీ కాని అర లీటరు సెలైన్, వాల్వు ఇరుకున్న గర్భిణిని గంటలో ఐసీయూకు చేర్చగలదు. మూడోది, నెలలు నిండకముందు నొప్పులొస్తే ఆపడానికి ఇచ్చే ఐసాక్సుప్రిన్, టెర్బ్యుటలిన్ లాంటి మందులు. అవీ గుండెను పరుగెత్తించేవే.

ఆయాసం ముదిరితే పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి వేలాడేలా నిటారుగా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు మొదట చెప్పాల్సిన మాట 'గర్భిణి, మైట్రల్ స్టెనోసిస్ ఉంది'. ఈ మాట ఒక చీటీ మీద రాసి, ఎకో రిపోర్టుతో కలిపి ఫోన్ కవరులో పెట్టుకోండి. ఆ టైముకు చెప్పగలిగే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.

అయిదో నెల నుంచి ఎనిమిదో నెల దాకా

మందులు వాడినా ఆయాసం తగ్గకపోతే గర్భంలోనే బెలూన్ చేయవచ్చు. 20 వారాలు దాటాక అయితే మేలు, అప్పటికి బిడ్డ అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి. పొట్టను సీసపు కవచంతో కప్పుతారు, ఎక్స్‌రే వాడే సమయం వీలైనంత తగ్గిస్తారు. గుండె ఆపి చేసే ఆపరేషన్‌లో బిడ్డ దక్కకపోయే ప్రమాదం చాలా ఎక్కువ కాబట్టి దాన్ని చివరి దారిగానే చూస్తారు.

ఇక మన ఆచారం సంగతి. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. సరిగ్గా అప్పుడే, 28 నుంచి 32 వారాల మధ్య, గుండె మీద బరువు పతాక స్థాయిలో ఉంటుంది. ఆరు నెలలుగా చూస్తున్న డాక్టరును వదిలి, కాగితాలు సగం మర్చిపోయి, కొత్త ఊళ్లో కొత్త ఆస్పత్రికి వెళ్లడానికి ఇంతకంటే చెడ్డ సమయం లేదు. సీమంతం మానమని అనడం లేదు. అమ్మానాన్నలే వచ్చి కూతురి దగ్గర ఉండవచ్చు. తప్పక వెళ్లాల్సి వస్తే అయిదో నెలలోనే వెళ్లి అక్కడి పెద్దాసుపత్రిలో పేరు నమోదు చేయించుకోండి. మీ ఇంటి నుంచి ఆస్పత్రి గంట దూరం దాటితే 36 వారాలకల్లా దగ్గరికి మారిపోండి లేదా అడ్మిట్ అవ్వండి.

లోహపు వాల్వు ఉన్నవారికి

అన్నిటికన్నా కష్టమైన గర్భం ఇదే. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు వాల్వు మీద గడ్డ కట్టకుండా బాగా కాపాడతాయి, కానీ మాయ దాటి బిడ్డకు చేరతాయి. 6 నుంచి 12 వారాల మధ్య అయితే బిడ్డ ముక్కు ఎముక, ఇతర ఎముకలు సరిగా ఏర్పడకపోవచ్చు, గర్భస్రావం కావచ్చు. హెపారిన్ సూదులు బిడ్డకు చేరవు, కానీ వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. తల్లికి మాత్ర మేలు, బిడ్డకు సూది మేలు. రెండు వైపులా పూర్తిగా సురక్షితమైన దారి లేదు. నిర్ణయం మీదీ డాక్టరుదీ కలిసి.

రోజుకు వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములు, ఎసిట్రోమ్ 2 మిల్లీగ్రాములు దాటనివారికి బిడ్డ ప్రమాదం తక్కువ. వాళ్లు మొదటి మూడు నెలలూ మాత్ర కొనసాగించే అవకాశం ఉంది. ఎక్కువ మోతాదు కావాల్సినవారికి ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా సూదులకు మార్చి, మళ్లీ మాత్రకు తెచ్చి, 36వ వారంలో మరోసారి సూదులకు మారుస్తారు. అందుకే నెలసరి తప్పిన వారంలోనే పరీక్ష చేసుకోవాలి. రెండో నెల దాటాక వస్తే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

హెపారిన్ సూదుల్లో ఒకటైన ఎనాక్సాపరిన్ పన్నెండు గంటలకోసారి, కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలవుతుంది. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో, పొట్ట చర్మాన్ని మడతగా పట్టుకుని పొడవాలి. సూది చర్మం కింది కొవ్వులోనే ఆగుతుంది, బిడ్డకు తగలదు. నెలలు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, కిడ్నీలు మందును త్వరగా బయటకు పంపేస్తాయి. పాత మోతాదు చాలదు. అందుకని సూది వేసిన నాలుగు నుంచి ఆరు గంటలకు యాంటీ టెన్ ఏ పరీక్ష (మందు రక్తంలో ఎంత పనిచేస్తోందో చూపేది) చేసి, మైట్రల్ వాల్వుకైతే 1.0 నుంచి 1.2 మధ్య ఉండేలా మోతాదు మారుస్తారు. మొదట్లో ఈ పరీక్ష ప్రతి వారం కావాలి. ఇది చేయలేని చోట ఒకే మోతాదు నెలల తరబడి గుడ్డిగా వేయడమే వాల్వు మూసుకుపోవడానికి ముఖ్య కారణం.

మాత్ర మీద ఉన్న రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చూపే అంకె) మైట్రల్ లోహపు వాల్వుకు 2.5 నుంచి 3.5 మధ్య. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ అంకెను తగ్గిస్తుంది. గర్భిణి అని అంతా కలిసి రోజూ పాలకూర, తోటకూర, గోంగూర మొదలుపెడితే పదిరోజుల్లో ఐఎన్ఆర్ పడిపోతుంది. మానమని కాదు, వారానికి ఎన్నిసార్లు తింటారో ఎప్పుడూ అన్నిసార్లే తినండి. వేవిళ్లలో మాత్ర వాంతయిపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి.

రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీ వాల్వు టిక్కుటిక్కుమనే చప్పుడు మీకే కాదు, పక్కన పడుకున్నవారికీ వినిపిస్తుంది. ఆ చప్పుడు మందగించినా, వినబడకపోయినా, దానితో పాటు ఆయాసం మొదలైనా వాల్వు మీద గడ్డ కట్టిందని అనుమానించాలి. ఆ గంటలోనే ఎకో కావాలి.

బిడ్డ సంగతి

రుమాటిక్ వాల్వు జబ్బు బిడ్డకు పుట్టుకతో రాదు. తల్లికి పుట్టుకతో వచ్చిన గుండె లోపం ఉంటేనే బిడ్డకు వచ్చే అవకాశం మామూలు ఒక శాతం నుంచి మూడు నుంచి అయిదు శాతానికి పెరుగుతుంది. అలాంటివారు టిఫా స్కాన్‌తో (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) పాటు 18 నుంచి 22 వారాల్లో బిడ్డ గుండెకు విడిగా ఎకో చేయించుకోవాలి. మిగతావారికి భయం వేరు: తల్లి గుండె సరిగా పంప్ చేయకపోతే మాయకు రక్తం తగ్గి బిడ్డ ఎదగదు, నెలలు నిండకముందే పుట్టవచ్చు. 28, 32, 36 వారాల్లో ఎదుగుదల స్కాన్ తప్పనిసరి. మెటోప్రొలాల్ వాడిన తల్లి బిడ్డకు పుట్టిన మొదటి రోజు షుగర్, గుండె వేగం చూడాలి. ఈ మాట పిల్లల డాక్టరుకు మీరే గుర్తు చేయండి.

కాన్పు

గుండెజబ్బు అంటే సిజేరియనే అనుకోవడం పొరపాటు. ఎక్కువమందికి మామూలు కాన్పే మేలు, రక్తం పోవడమూ ఇన్ఫెక్షనూ తక్కువ. రక్తం పలుచబరిచే మాత్ర మీద ఉండగానే నొప్పులొచ్చినవారికి మాత్రం సిజేరియనే, ఎందుకంటే బిడ్డ రక్తం కూడా పలచబడి ఉంటుంది, జనన మార్గంలో నలిగితే మెదడులో రక్తస్రావం కావచ్చు. గుండె అప్పటికే ఫెయిల్ అవుతున్నవారు, ఊపిరితిత్తుల ఒత్తిడి బాగా ఎక్కువున్నవారు కూడా ఈ కోవలోకే వస్తారు.

తారీఖు ముందే అనుకుని పగటిపూట కాన్పు జరిగేలా చూస్తారు. ఎనాక్సాపరిన్ వేసుకునేవారికి 36 గంటల ముందు దాన్ని ఆపి, సిరలో ఎక్కించే హెపారిన్‌కు మార్చి, కాన్పుకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు అదీ ఆపుతారు. రక్తస్రావం అదుపులో ఉంటే కాన్పయిన నాలుగు నుంచి ఆరు గంటలకు మళ్లీ మొదలు.

నొప్పుల టైములో తల వైపు ఎత్తుగా, ఎడమ పక్కకు ఉంచాలి. నొప్పి పెరిగితే గుండె వేగం పెరుగుతుంది కాబట్టి నెమ్మదిగా ఇచ్చే ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) ఇక్కడ సుఖం కోసం కాదు, చికిత్సలో భాగం. సెలైన్‌ను పంపు మీద పెట్టి కొలిచి ఇవ్వాలి. చివర్లో గట్టిగా ముక్కమని తొందరపెట్టకూడదు. బిడ్డ తల కిందికి దిగాక వాక్యూమ్ లేదా ఫోర్సెప్స్‌తో బయటకు తీస్తారు.

బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఒకేసారి సిరలోకి ఎక్కించకుండా నెమ్మదిగా ఎక్కించాలి. అదే పనికి వాడే మెథర్జిన్ ఇవ్వకూడదు. అది బీపీని ఒక్కసారిగా పెంచుతుంది. అలాంటిదే ప్రోస్టోడిన్, అది ఊపిరితిత్తుల ఒత్తిడి పెంచుతుంది. కేసు షీటు మొదటి పేజీలోనే 'మెథర్జిన్ వద్దు' అని ఎర్ర సిరాతో రాయించండి. రాత్రి డ్యూటీకి వచ్చిన కొత్తవారికి అదే దిక్కు.

మొదటి మూడు రోజులు, ఆరు వారాలు

బిడ్డ, మాయ బయటకు రాగానే కుంచించుకుపోయిన గర్భసంచి తనలోని రక్తాన్ని ఒంట్లోకి నెట్టేస్తుంది. కాళ్లల్లో ఆగిన రక్తం కూడా గుండెకు వస్తుంది. అందుకే తొమ్మిది నెలలు నెట్టుకొచ్చినవారు కూడా కాన్పయిన కొన్ని గంటలకు కుప్పకూలుతారు. మామూలు వార్డుకు మార్చమని బతిమాలకండి. 72 గంటలు మానిటర్ ఉన్న గదిలోనే ఉండనివ్వండి. ఆక్సిజన్, మూత్రం, నాడి గంట గంటకూ చూడాలి.

ఇంటికి వచ్చాక పురిటి గదిలో కుంపటి, సాంబ్రాణి పొగ వద్దు. బాలింతకు పెట్టే కారప్పొడుల్లో ఉప్పు తగ్గించండి. వార్ఫరిన్, మెటోప్రొలాల్, లాసిక్స్, డిగాక్సిన్, ఎనలాప్రిల్ వాడుతూ పాలు ఇవ్వవచ్చు. మందు వాడుతున్నావు కదా అని పాలు మాన్పించడం, పాలిస్తున్నావు కదా అని మందు మాన్పించడం రెండూ తప్పే.

గుండెజబ్బు ఏదీ లేదనుకున్న బాలింతకు చివరి నెల నుంచి అయిదు నెలల లోపు ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే దగ్గు వస్తే ఎకో తీయించండి. కాన్పు చుట్టూ గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటుంది, త్వరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. కండరం పూర్తిగా కోలుకోనివారు మళ్లీ గర్భం జోలికి వెళ్లకూడదు.

తర్వాతి గర్భం అనుకోకుండా రాకూడదు

ఆస్పత్రి నుంచి బయటకు రాకముందే ఈ మాట తేల్చుకోండి. మాలా లాంటి గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. లోహపు వాల్వు, గతి తప్పిన నాడి, ఊపిరితిత్తుల ఒత్తిడి ఉన్నవారు వాటిని ముట్టుకోకూడదు. మూడు నెలలకోసారి వేసే అంతర సూదిలో ఈస్ట్రోజెన్ లేదు, కానీ రక్తం పలుచబరిచే మాత్ర వేసుకునేవారికి సూది పొడిచినచోట రక్తం గడ్డకట్టి వాచవచ్చు. కాపర్ టీ పనికొస్తుంది, అయితే అదే మాత్ర మీద ఉన్నవారికి నెలసరి రక్తం ఎక్కువ పోతుంది. హార్మోన్ ఉన్న లూప్ వాళ్లకు మేలు.

ట్యూబెక్టమీ (ఆడవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) సిజేరియన్‌తో పాటు చేసేస్తే సరే. విడిగా చేయాల్సి వస్తే గుండె కుదుటపడ్డాకే, పొట్టలో గ్యాసు నింపే ల్యాపరోస్కోపీ కాకుండా చిన్న కోతతో చేయించుకోవడం మంచిది. ఇన్ని తిప్పలు లేనిది మగవారికి చేసే వేసెక్టమీ. మత్తు సూది ఒక్కటి, కుట్టు లేదు, అదే రోజు ఇంటికి. జబ్బుపడ్డ గుండెను ఇంకో ఆపరేషన్ బల్ల ఎక్కించడం కన్నా, ఆరోగ్యంగా ఉన్న భర్త పది ఇరవై నిమిషాలు బల్ల ఎక్కడం ఎంతో న్యాయం. మూడు నెలల తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా కండోమ్ వాడాలి.